గింజకు చిరునామా

ఆ కుర్రాడు తీగను నేరుగా లాగడు. కోత మిషను పైకప్పు మీంచి డ్రైవరు ముందున్న తెర దాకా రావలసిన కేబుల్‌ని కమ్మీ వెంట దించి, తెర వెనక గుచ్చే ముందు జానెడు కిందికి వేలాడదీసి, అక్కణ్ణించి మళ్లీ పైకి తీసుకెళ్లి పెడతాడు. ఆ వంపు ఎందుకని అడిగాను. మాట్లాడకుండా పక్కనున్న సీసాలోంచి నాలుగు చుక్కలు కేబుల్ మీద పోశాడు. నీళ్లు తీగ వెంట జారుతూ వచ్చి, వంపు అడుగున ఒక్కటై, నేలమీద రాలాయి. తెర దాకా ఎక్కలేదు. "మిషను కడిగేటప్పుడు ప్రెషర్ పంపు పెట్టేస్తారండీ. ఈ వంపు లేకపోతే నీళ్లన్నీ పిన్నుల్లోకే" అన్నాడు అప్పుడు.

మండపేట దగ్గర రోడ్డు పక్క రేకుల షెడ్డు అది. దాళ్వా కోతలు ఇంకో పది రోజుల్లో పడతాయి. షెడ్డు నిండా చైను మిషన్లు. టైర్ల మిషను మన తడి చేలల్లో దిగబడిపోతుంది కాబట్టి, రబ్బరు చైన్ల మీద పాకే ఈ మిషన్లే డెల్టాకి పనికొచ్చాయి. మిగతావాటికి బేరింగులు, బెల్టులు, కత్తులు మారుస్తున్నారు. ఈ ఒక్కదానికి మాత్రం జీపీఎస్ రిసీవర్ పెట్టి, దాన్ని దిగుబడి చూపించే తెరకు కలుపుతున్నారు. ఆ పని మొదలయిన దగ్గర్నించి చేలో కోత అయ్యేదాకా నేను పక్కనే ఉన్నాను. పని చేసిన చేతుల గురించీ, ఆ చేతులు కలిపిన రెండు పరికరాల గురించీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మన దగ్గర దిగుబడి అంటే ఒకటే అంకె. "ఎంతయిందండీ?" "నలభై రెండు." అంతే, మాట అయిపోయింది. బస్తా అంటే 75 కేజీలనీ, లెక్క ఎకరానికనీ ఇద్దరికీ తెలుసు. కానీ ఆ నలభై రెండు చేనంతా ఒక్కలా పండిన నలభై రెండు కాదు. బోదె పక్కన యాభై పండి ఉండొచ్చు, మురుగుకాలువ వైపు ముప్పై దాటకపోయి ఉండొచ్చు. రైతుకి ఇది తెలియదని కాదు, బాగా తెలుసు. చేతిలో అంకె మాత్రం లేదు. ప్రభుత్వం వేసే అంచనాకైనా ఆధారం పంట కోత ప్రయోగమే. వరిలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ముక్కని గుర్తు పెట్టి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. 25 చదరపు మీటర్లు, అంటే సెంటులో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. శాస్త్రంగా ఎంచుకున్న ముక్క గనక ఊరికీ మండలానికీ ఆ లెక్క పనికొస్తుంది. ఫలానా మడిలో ఫలానా మూల ఎందుకు పండలేదో అది చెప్పలేదు.

తెర చేసే పని ఇదీ. ధాన్యం మిషను కడుపులో నూర్పిడై, పైకెక్కి, ట్యాంకులోకి దూకే నోటి దగ్గర ఒక ఇనుప పలక ఉంటుంది. గింజల ధార దానికి కొట్టుకుని పడుతుంది. ఎంత బలంగా కొట్టుకుంటే అంత ధాన్యం వస్తున్నట్టు. పలక వెనకున్న సెన్సార్ ఆ దెబ్బని సెకను సెకనుకీ కేజీలుగా చెబుతుంది. మిషను సెకనుకు మీటరు చొప్పున నడుస్తూ, రెండు మీటర్ల వెడల్పు కోస్తోందనుకోండి. సెకనుకు రెండు చదరపు మీటర్ల చేను. ఎకరానికి ముప్పై అయిదు బస్తాల పంటయితే ఆ సెకనులో పలకకు తగిలే ధాన్యం దాదాపు కేజీ మూడు వందల గ్రాములు. ఎకరం కోసేసరికి ఇలాంటి తూకాలు రెండు వేలు. ఒక్క ఎకరంలో రెండు వేల బుల్లి కోత ప్రయోగాలన్నమాట. అయితే తూకం ఒక్కటే ఉంటే అది ఎక్కడి గింజో తెలియదు. చోటు ఒక్కటే తెలిస్తే అక్కడెంత పండిందో తెలియదు. రెండూ ఒకే క్షణాన, ఒకే వరసలో నమోదు కావాలి. ఆ ముడి వేసేదే ఈ కుర్రాడి చేతిలోని కేబుల్.

ఈ విద్య మనది కాదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఆల్ మైయర్స్ అనే ఇంజనీరు పెట్టిన ఆగ్ లీడర్ సంస్థ 1992లో మక్క, సోయా కోతమిషన్లకు ఇలాంటి మానిటర్ అమ్మడం మొదలుపెట్టింది. అప్పట్లో జీపీఎస్ సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే చెడగొట్టి వదిలేది. చోటు వంద మీటర్ల దాకా తప్పుగా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ చెడగొట్టడం మానేశాక మామూలు రిసీవర్ కూడా పొలానికి పనికొచ్చింది. వరి విషయానికొస్తే మనకు దగ్గరి చుట్టం జపాన్. అక్కడా మళ్లు చిన్నవే, తడివే. కుబోటా కంపెనీ 2014లో మొదలుపెట్టిన పద్ధతిలో కోతమిషనే దిగుబడినీ తేమనీ గింజలోని మాంసకృత్తుల్నీ కొలిచి మడి వారీగా రాసిపెడుతుంది. మన డెల్టాలో తిరిగే మిషన్లు మామూలుగా ఈ తెరలు లేకుండానే వస్తాయి. కావాలంటే తెర ఒక చోటిది, రిసీవర్ ఇంకో చోటిది, మిషను మరో చోటిది తెచ్చి కలుపుకోవాలి. ఒకదాని భాష ఒకదానికి తెలియదు. అందుకే ఆ కలపడం ఒక పనితనమయింది.

కుర్రాడు ముందు కరెంటు సంగతి చూశాడు. మిషను బ్యాటరీ 12 వోల్టులు. స్టార్టర్ తిరిగేటప్పుడు అది తొమ్మిది దాకా జారుతుంది. ఇంజను పరిగెత్తేటప్పుడు ఒక్కోసారి ఆల్టర్నేటర్ నుంచి పెద్ద దెబ్బే వస్తుంది. రిసీవర్‌కి కావలసింది నికరంగా అయిదు వోల్టులు. మధ్యలో కన్వర్టర్ పెట్టాడు, దానికి ముందు రెండు ఆంపియర్ల ఫ్యూజు. భూమి తీగను మిషను బాడీకి బిగించేస్తాడేమో అనుకున్నాను. చాలామంది చేసేది అదే. ఇతను మాత్రం ఆ తీగను వెనక్కి, బ్యాటరీ దాకా తీసుకెళ్లాడు. రంగు కింద తుప్పు పట్టిన బోల్టు ఇవాళ కరెంటు పోనిస్తుంది, కోతల మధ్యలో పోనివ్వదు. అప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడానికి మూడు రోజులు పడుతుందని అతని అనుభవం. "బాబాయ్, ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి" అని డ్రైవర్ని కేకేసి, మల్టీమీటర్ ముళ్లు రిసీవర్ పిన్నులకు ఆనించి, ఇంజను అందుకునేదాకా చూపు అంకె మీంచి తిప్పలేదు. అయిదు అయిదుగానే ఉంది.

తరవాత గొంతు. రిసీవర్ లోపలి చిప్ 3.3 వోల్టుల మీద మాట్లాడుతుంది. దాని లెక్కలో వోల్టేజి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. తెర వినేది ఆర్‌ఎస్-232 అనే పాత పద్ధతిలో. అక్కడ ఒకటి అంటే మైనస్ వోల్టులు, సున్నా అంటే ప్లస్. అంటే ఇక్కడ అవుననేది అక్కడ కాదని వినబడుతుంది. ఈ రెండు తీగల్నీ నేరుగా కలిపేస్తే తెర మీద ఏమీ రాదు, ఒక్కోసారి చిప్ కూడా కాలిపోతుంది. గోరంత దుబాసీ చిప్ ఒకటి మధ్యన ఉండాలి. దాన్ని టంకం పెట్టి, స్లీవ్ తొడిగి, వేడిగాలి పట్టించి ముద్దలా చేశాడు. టంకం అక్కడితో ఆపేశాడు. కనెక్టర్ పిన్నుల దగ్గర మాత్రం టంకం ముట్టకుండా పనిముట్టుతో నొక్కి క్రింప్ చేశాడు. అదిరే బండిలో టంకం పోసిన తీగ ఆ పోత అంచు దగ్గరే విరుగుతుంది. క్రింప్ చేసింది అదురుని తట్టుకుంటుంది. ఒకే కేబుల్‌లో రెండు చోట్ల రెండు పద్ధతులు, దేనికి తగిన కారణం దానికి ఉంది. తొమ్మిది పిన్నుల కనెక్టర్లో అతను వాడింది మూడే: రెండు, మూడు, అయిదు. ఒకదాని నోరు రెండోదాని చెవికి, రెండోదాని నోరు ఒకదాని చెవికి, అయిదోది ఇద్దరికీ ఉమ్మడి భూమి.

ఇక వాళ్లిద్దరూ మాట్లాడుకునే వేగం. పడవల పరికరాల కోసం 1983లో తయారైన ఎన్‌ఎంఈఏ 0183 అనే పద్ధతినే ఇప్పటికీ పొలాల్లోనూ వాడుతున్నారు. దాని మామూలు వేగం సెకనుకు 4800 బిట్లు, అంటే 480 అక్షరాలు. సెకనుకు ఒకసారి చోటు చెప్పడానికి అది చాలు. కానీ తెరకి సెకనుకు అయిదుసార్లు కావాలి. చోటు చెప్పే వాక్యం ఎనభై అక్షరాలదాకా ఉంటుంది, నడక వేగం చెప్పేది ఇంకో నలభై. అయిదుసార్లంటే ఆరు వందలు. 480 పట్టే బోదెలోకి 600 వదిలితే ఏమవుతుందో డెల్టా మనిషికి చెప్పక్కర్లేదు. మాటలు వెనకబడతాయి, మిషను ఇక్కడుంటే తెర దాన్ని అక్కడ చూపిస్తుంది. అందుకని రెండు వైపులా 19200కి మార్చాడు. రెండు వైపులా అన్న మాట ముఖ్యం. ఒక వైపే మారిస్తే తెర మీద పిచ్చిగీతలు.

తన ల్యాప్‌టాప్ తెరిచి ఆ మాటలు నాకు చూపించాడు. వాటిని వాక్యాలనే అంటారు. సెకనుకు పది వాక్యాలు కిందినించి పైకి పరుగు తీస్తుంటే, ఒకదాన్ని ఆపి పట్టుకుని, నేను చిన్నప్పుడు తెలుగు మాస్టారి దగ్గర పద్యానికి చెప్పుకున్నట్టు, ప్రతిపదార్థం చెప్పమన్నాను. డాలర్ గుర్తు, జీపీజీజీఏ, 053412.00, 1652.2140, ఎన్, 08155.8360, ఈ, 2, 11, 0.8, ఇంకా కొన్ని.

డాలర్ గుర్తంటే వాక్యం మొదలయిందని. జీపీ అంటే మాట్లాడుతున్నది జీపీఎస్, జీజీఏ అంటే ఇది చోటు చెప్పే వాక్యం. 053412 అంటే అయిదు గంటల ముప్పై నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అది గ్రీనిచ్ కాలం, మనకి అయిదున్నర గంటలు కలపాలి. గోడ గడియారంలో అప్పుడు పదకొండు దాటి నాలుగు నిమిషాలు. 1652.2140 ఎన్ అంటే ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల 52.2140 నిమిషాలు. 08155.8360 ఈ అంటే తూర్పు రేఖాంశం 81 డిగ్రీల 55.8360 నిమిషాలు. ఆ తరవాతి 2 అనేది చోటు నాణ్యత. అక్కడ సున్నా ఉంటే చోటు తెలియలేదని, 1 ఉంటే మామూలు జీపీఎస్ అని, 2 ఉంటే సవరణలు అందుతున్నాయని, 4 ఉంటే రెండు మూడు సెంటీమీటర్లలో చెబుతున్నానని. 11 అంటే లెక్కలో ఉన్న ఉపగ్రహాలు. 0.8 వాటి అమరిక ఎంత బాగుందో చెప్పే కొలత. ఎంత తక్కువయితే అంత మంచిది. ఉపగ్రహాలన్నీ ఆకాశంలో ఒకే మూల గుంపు కడితే ఇది పెరిగిపోతుంది. చివర నక్షత్రం గుర్తు, దాని వెనక రెండక్షరాలు.

ఆ చివరి రెండక్షరాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాక్యంలోని ప్రతి అక్షరాన్నీ ఒకదానితో ఒకటి ఒక పద్ధతిలో కలుపుకుంటూ పోతే చివరికి మిగిలే శేషం అది. తెర వాక్యాన్ని విన్నాక తనూ అదే లెక్క వేసుకుంటుంది. రెండూ కలిస్తే నమ్ముతుంది, కలవకపోతే ఆ వాక్యాన్ని అక్కడే పారేస్తుంది. దారిలో ఒక్క అక్షరం చెడినా పట్టుబడుతుంది. యతి తప్పిన పాదం అవధాని చెవిని దాటిపోనట్టు. నలభై ఏళ్ల కిందట పడవల కోసం ఎవరో కూర్చుని ఇంత పొదుపుగా, ఇంత జాగ్రత్తగా రాసిన వ్యాకరణం ఇవాళ మండపేట చేలో చెక్కు చెదరకుండా పనిచేస్తోంది. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

దశాంశం తరవాత అంకెలు ఎన్నున్నాయో కూడా కుర్రాడు లెక్కపెట్టాడు. నాలుగున్నాయి. నాలుగో అంకె ఒకటి మారిందంటే నేలమీద 18 సెంటీమీటర్లు, జానెడు లోపు. మూడు అంకెలే ఇచ్చే రిసీవర్ అయితే కనీసపు అడుగు మీటరూ ఎనభై అయిదు, మనిషి నిలువెత్తు కంటే ఎక్కువే. రెండు మీటర్ల కట్టర్‌తో కోసే మిషనుకి అది కుదరదు. అలాంటి రిసీవర్ ఒకటి తెచ్చి, ఈ కారణానికే వెనక్కి పంపేశానన్నాడు.

ఈ అక్షాంశాల దగ్గరే నా చేతుల్లో ఒక తప్పు జరిగింది. మొదటి రోజు కోత నమోదులు తీసుకెళ్లి ఇంట్లో కంప్యూటర్లో మ్యాపు మీద వేశాను. చేను భీమవరానికి నాలుగైదు కిలోమీటర్ల అవతల, చేపల చెరువుల మధ్య పడింది. రెండు గోదావరుల్ని దాటి, యాభై అయిదు కిలోమీటర్లు ఎగిరిపోయింది. రిసీవర్ పాడైందని ఖాయం చేసుకుని పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. అతను మ్యాపు ఒక్కసారి చూసి, "నిమిషాల్ని అరవైతో భాగించారా అండీ?" అని అడిగాడు. లేదు. 1652 ని నేను 16.52 డిగ్రీలుగా చదివేశాను. 52 నిమిషాలంటే డిగ్రీలో 0.87. చేను ఉన్నది 16.87 దగ్గర. రేఖాంశంలోనూ అదే పొరపాటు, 81.93 బదులు 81.56. రెండు తప్పులూ కలిసి నన్ను భీమవరం తీసుకెళ్లాయి. తెరల్లోనూ ఈ పొరపాటు దొర్లుతుందనీ, అందుకే ప్రతి మిషనుకీ మొదటి చోటుని ఫోన్లోని మ్యాపుతో సరిచూశాకే బిల్లు రాస్తాననీ చెప్పాడు.

యాంటెన్నా పెట్టడంలోనూ ఇంతే ఓర్పు. పైకప్పు ఫైబర్‌ది. యాంటెన్నా అడుగున ఇనుము లేకపోతే నేలమీంచి ఎగిసిన సంకేతాలు కింది నుంచి దూరి లెక్క చెడగొడతాయి. అరచేతి వెడల్పు ఇనుప రేకు కోసి, దాని మీద కూర్చోబెట్టాడు. టేపు పెట్టి అక్కణ్ణించి కట్టర్ దాకా కొలిచాడు: ముందుకి 2 మీటర్ల 40 సెంటీమీటర్లు, ఎడమకి 35. ఆ రెండు అంకెలూ తెరకి చెప్పకపోతే మిషను తన తల ఉన్న చోటునే నోరున్న చోటనుకుంటుంది. కోనసీమ వైపు గట్ల నిండా కొబ్బరిచెట్లుంటే ఇంకో చిక్కు. మట్టలు ఆకాశాన్ని సగం కప్పేస్తాయి. అలాంటి చేలల్లో గట్టు పక్క రెండు చాళ్ల చోటుని తాను అంతగా నమ్మనని నిజాయితీగానే ఒప్పుకున్నాడు.

వాక్యంలో ఆ 2 అనే అంకె రావడం వెనక పెద్ద కథే ఉంది. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం అయనోవరణం గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మన దేశం మీద ఆ పొర గంట గంటకీ, ఊరూరికీ మారిపోతుంటుంది. దాన్ని కొలిచి సవరణలు పంపడానికే ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి విమానాల కోసం గగన్ వ్యవస్థని కట్టాయి. జీశాట్-8, జీశాట్-10 ఉపగ్రహాలు ఆ సవరణల్ని పైనించి అందరికీ ఉచితంగా వినిపిస్తాయి. ఆ కొలతల పునాదిలో తెలుగు చెయ్యి కూడా ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు తరం నుంచీ అయనోవరణం మీద పరిశోధన నడుస్తోంది. దేశమంతటా పరిచిన జీపీఎస్ రిసీవర్ల 2004-05 కొలతలతో ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం 2006లో ప్రచురించిన పత్రాలు మన మీది ఆకాశం తీరుని విడమరిచి చెప్పాయి. కుర్రాడికి ఈ పేర్లు తెలియవు. కానీ ఉపగ్రహాల జాబితాలో 40, 41 అంకెలు కనబడుతున్నాయో లేదో చూడాలని తెలుసు. అవి గగన్ గుర్తులు. పరాయి దేశంలో తయారైన పెట్టె వాళ్ల ఆకాశంలోని ఉపగ్రహాల కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. దాన్ని మన వైపు తిప్పాలి. ఏప్రిల్ రాత్రుళ్లు కోస్తుంటే పొద్దుగూకాక ఒక్కోసారి చోటు తడబడటం తాను గమనించానన్నాడు. అది అతని భ్రమ కాదు. విషువు నెలల్లో సూర్యాస్తమయం తరవాత మన అక్షాంశాల మీద అయనోవరణం నిజంగానే కలత పడుతుంది.

చేలోకి దిగాక రెండు సంగతులు చూశాను. ఒకటి నడక. మిషను తన నడకని గేరు షాఫ్టు తిరగడాన్ని బట్టి లెక్కేసుకోగలదు. కానీ బురదలో చైను జారుతుంది. చైను వంద మీటర్లు తిరిగి మిషను తొంభై మీటర్లే కదిలితే, కోసిన చేను ఎక్కువగా లెక్కకొచ్చి, నలభై బస్తాల చేను ముప్పై ఆరుగా కనిపిస్తుంది. అతను షాఫ్టు లెక్క తీసేసి, జీపీఎస్ చెప్పే వేగాన్ని తెరకిచ్చాడు. రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌లో నిలబడితే, దగ్గరకొచ్చే రైలు కూత సన్నగా ఉండి, దాటిపోతూనే బొంగురుపోతుంది కదా. ఉపగ్రహ సంకేతంలో ఆ మార్పునే పట్టుకుని రిసీవర్ వేగం చెబుతుంది. బురదతో దానికి పనిలేదు.

రెండోది ఆలస్యం. కత్తి పైరుని కోసిన క్షణానికీ, ఆ గింజ పలకకి తగిలిన క్షణానికీ మధ్య పది పన్నెండు సెకన్లు పడుతుంది. పన్నెండు సెకన్లలో మిషను పన్నెండు మీటర్లు ముందుకెళ్లిపోతుంది. అయోవాలో అరమైలు చాళ్లలో అది లెక్కలోది కాదు. పది సెంట్ల మడి అంటే మనకి ఇరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు. అందులో పన్నెండు మీటర్లు తప్పితే ఈ గట్టు పంట ఆ గట్టుకి రాసినట్టే. మడి ఎంత చిన్నదయితే ఈ లెక్క అంత కచ్చితంగా ఉండాలి. మన డెల్టాలో ఈ పని కష్టమంతా ఇక్కడే ఉంది, అతని ఓపికంతా నేను చూసిందీ ఇక్కడే. కోసేసిన ఖాళీ చోట మిషనుని నిలబెట్టించి, నూర్పిడి తిప్పించి, అక్కణ్ణించి పైరులోకి నడిపించాడు. కత్తులు మొదటి దుబ్బుని పట్టగానే ఫోన్లో గడియారం నొక్కాడు. చెవి పలక వైపు పెట్టాడు. అంత మోతలోనూ గింజలు ఇనుముని తాకే గలగల విడిగా వినిపించింది. మళ్లీ నొక్కాడు. అలా మూడుసార్లు, నెమ్మదిగా మూడుసార్లు, వేగంగా మూడుసార్లు. నూగు ఒంటికంటుకుని దురద, పైన ఎండ. డ్రైవరు "ఇంక చాల్లే అబ్బాయ్" అన్నా వినలేదు.

కాటా పని తొందరగానే అయిపోయింది. ట్యాంకు ధాన్యాన్ని మిల్లు దగ్గర తూయించి, చీటీలోని అంకెని తెరకి ఇవ్వడమే. తెర 1180 కేజీలంటే కాటా 1240 అందనుకోండి, గుణకం 1.05. ఒక్క ట్యాంకుతో సరిపెట్టకుండా నిండు పంటలో ఒకటి, పలచటి చోట ఒకటి, మూడో నాలుగో తూయించాలి. తేమ కూడా చూడాలి. మిషను కోసిన పచ్చి ధాన్యంలో 22 శాతం తేమ ఉంటే, కొనుగోలు కేంద్రం ఒప్పుకునే 17 శాతానికి ఆరబెట్టేసరికి నలభై బస్తాలు ముప్పై ఏడున్నర అవుతాయి. తేమని లెక్కలోకి తీసుకోని మ్యాపు, పొద్దున్నే మంచులో కోసిన ముక్కని మధ్యాహ్నం కోసిన ముక్క కంటే బాగా పండిందని చెబుతుంది.

ఈ నేలకి కొలత కొత్త కాదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పటి నుంచీ డెల్టా బతికేది మట్టాల మీద. కాలువ వాలు అంగుళాల్లో తప్పితే చివరి ఊరికి నీరందదు. చిత్రమేమిటంటే జీపీఎస్‌కి బలహీనత కూడా ఎత్తు దగ్గరే. అక్కడినించి ఇక్కడికి ఎంతో బాగా చెబుతుంది, పై నించి కిందికి ఎంతో చెప్పడంలో అంత నమ్మకం ఉండదు. పైగా భూగోళం లెక్కలో మన తీరానికి సముద్రమట్టం ఊహించిన గీతకన్నా పదుల మీటర్లు కింద ఉంటుంది, ఆ సవరణ కూడా వాక్యంలోనే వస్తుంది. కానీ దిగుబడి మ్యాపు మట్టాన్ని వేరే దారిలో చెబుతుంది. నీరు నిలిచిన మూల పంట పలచగా కనిపిస్తుంది. 2020 చివర మొదలైన భూముల రీసర్వేలో జీపీఎస్ రోవర్ కర్రలు గట్ల మీద తిరిగి హద్దులు గుర్తుపెట్టడం ఊళ్లో అందరూ చూశారు. ఈ దిగుబడి మ్యాపు హద్దు లోపలి సంగతి.

కోత అయ్యాక ఎకరన్నర చేను తెరమీద రంగుల్లో వచ్చింది. చేను పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. దక్షిణపు గట్టు పక్క ఎర్రగా ఉంటే ఆశ్చర్యపోలేదు, అక్కడ మురుగు తిరిగి ఎక్కుతుందన్నాడు. నడిమి మడిలో ఒక చోట ముదురాకుపచ్చ మచ్చ ఉంది. దాని మీద వేలు పెట్టి కాసేపు ఏమీ అనలేదు. "ఇక్కడ మా నాన్నగారు కళ్లం వేసేవారండి. పక్కనే పెంటపోగు. నేను దున్నించి చేలో కలిపేసి పదిహేనేళ్లు దాటింది" అన్నాడు.

నేను మచ్చని చూస్తున్నాను, పెద్దాయన పాత కళ్లాన్ని చూస్తున్నాడు. కుర్రాడు మాత్రం ఆ మచ్చ అంచుని చూస్తున్నాడు. ఆ మడిని చుట్టూ తిరక్కుండా అటూ ఇటూ కోయమని డ్రైవర్ని ముందే బతిమాలుకున్నాడతను. ఆలస్యం లెక్క తప్పితే ఒక చాలులో మచ్చ ఇటు జరిగి, ఎదురు చాలులో అటు జరిగి, అంచు రంపం పళ్లలా వస్తుంది. తెరని వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో చాలూ పోల్చుకుంటూ అంచు వెంట చూపు నడిపించాడు. పళ్లు లేవు. వచ్చేదీ పోయేదీ ఒకే గీత మీద కలిశాయి. అప్పుడు తెర ఆపి, కనెక్టర్ విప్పి, దాని నోటికి రబ్బరు టోపీ తొడిగి, జిప్ టై తోక డ్రైవరు చేతికి గీరుకోకుండా మొదలంటా నునుపుగా కోసేశాడు.